వింబుల్డన్ బయలు: హక్కు పోయి దృశ్యం మిగిలిన కథ

"ప్రకృతి" అనే మాట వెనుక చాలా చరిత్ర దాగివుంటుంది. ఒక పచ్చిక బయలును చూసి మనం "యెంత సహజంగా వుంది!" అనుకుంటాం. ఆ సహజత్వాన్ని యెవరు తయారుచేశారు, యెవరి పశువులు మేసి, యెవరి కొడవళ్ళు తెగ్గోసి, ఆ బయలు బయలుగా నిలిచింది అని మాత్రం అడగం. యిది మన అమాయకత్వం ఒక్కటే కాదు. శ్రమను తుడిచివేసి దృశ్యాన్ని మాత్రమే మిగిల్చే చరిత్రరచన ఒకటి వుంది. దానికి మనం అలవాటుపడి వున్నాం. యీ వ్యాసంలో ఒకే ఒక బయలును తీసుకొని, ఆ అడగని ప్రశ్నను అడిగిచూద్దాం.

లండన్ నడిబొడ్డు నుంచి నైరుతిగా యేడెనిమిది మైళ్ళు పోతే వింబుల్డన్ కామన్ వస్తుంది. వింబుల్డన్ అనగానే మనవాళ్ళకు టెన్నిస్ గుర్తుకొస్తుంది. ఆ ఆటస్థలం వేరు, యీ బయలు వేరు. పుట్నీ హీత్, పుట్నీ దిగువ కామన్ కూడా కలుపుకొంటే మొత్తం 1,140 ఎకరాలు. చుట్టూ శివారు ఇళ్ళు, మధ్యలో గులకరాళ్ళ మెట్టనేల, ముళ్ళపొదలు, ఊదారంగు పూలు పూసే హెదర్ తుప్పలు, వాటిని చుట్టుముట్టి బర్చ్, ఓక్ చెట్ల అడవి, ఒక పాత గాలిమర. ఆదివారంనాడు లండన్ వాసి అక్కడికి వచ్చి, నగరం పుట్టకముందున్న ప్రకృతిని చూస్తున్నానని తృప్తిపడి ఇంటికి పోతాడు. కాని అతడు చూస్తున్న అడవిలో చాలా భాగం పాతది కాదు. ఒక హక్కు చచ్చిపోయిన తరువాత మొలిచిన అడవి అది.

కామన్ అంటే యెవరిది?

"కామన్" అనే మాటను "అందరి సొత్తు" అని అనువదించుకుంటే మొదటి అడుగులోనే పొరపడతాం. ఇంగ్లీషు న్యాయశాస్త్రం ప్రకారం ఆ నేల అందరిదీ కాదు. మేనర్ అనే పాత భూస్వామ్య పరిధికి అధిపతిగా వున్న ప్రభువుది. దున్నకుండా వదిలేసిన ఆ నేలకు చట్టం పెట్టిన పేరు "వేస్ట్", అంటే వ్యర్థభూమి. అయితే ఆ వ్యర్థభూమి మీద మేనర్ రైతులకు కొన్ని హక్కులు వుండేవి: పశువులను మేపుకోవడం, పొయ్యిలోకి ముళ్ళపొదలు నరుక్కోవడం, పచ్చికను చెక్కలు చెక్కలుగా కోసుకుపోవడం, కంకర తవ్వుకోవడం. నేల ఒకరిది, దానిమీద బ్రతుకు మరికొందరిది. యీ వైరుధ్యమే కామన్ చరిత్ర అంతటికీ మూలం.

యీ హక్కులైనా పల్లెలోని పేదలందరికీ దక్కినవి కావు. 1607 లో గేట్‌వార్డ్ కేసు అనే ప్రసిద్ధమైన తీర్పు వచ్చింది. ఊళ్ళో కాపురం వున్నంత మాత్రాన, ఊరి ఆచారం పేరు చెప్పి, మేతహక్కు అడగడానికి వీలులేదని ఆ తీర్పు సారాంశం. భూమితో చట్టబద్ధమైన సంబంధం వున్నవాడే హక్కుదారు. కూలివాడు తన ఆవును కామన్ మీదికి తోలుకుపోతే అది హక్కు కాదు, ప్రభువు చూసీచూడనట్లు వూరుకోవడం మాత్రమే. వూరుకోవడం మానేసిననాడు ఆ ఆవుకు గడ్డి లేదు.

కంచెకు చట్టం చేసిన స్థలం కూడా యీ బయలుకు దగ్గరలోనే వుంది. వింబుల్డన్ పక్కనే మెర్టన్ అనే చోట ఒక క్రైస్తవ మఠం వుండేది. 1236 జనవరిలో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ, అతని సామంతులు అక్కడ సమావేశమై మెర్టన్ శాసనాన్ని ఆమోదించారు. హక్కుదారులైన రైతులకు చాలినంత మేతనేల మిగిల్చితే చాలు, మిగతా బీడును ప్రభువు కంచె వేసి సొంతం చేసుకోవచ్చునని అందులో ఒక నిబంధన. చాలినంత అంటే యెంత? యెవరికి చాలినంత? యీ రెండు ప్రశ్నల మీద ఆరువందల యేళ్ళకు పైగా వ్యాజ్యాలు నడిచాయి.

ప్రశ్నను న్యాయస్థానం బయట వేసినవారు కూడా యీ ప్రాంతంలోనే వున్నారు. 1647 అక్టోబరు చివర పుట్నీ చర్చిలో క్రాంవెల్ సైన్యపు ప్రతినిధులు కూర్చొని, ఆస్తి లేనివాడికి వోటు వుండాలా అని వాదించుకున్నారు. 1649 ఏప్రిల్‌లో, అదే సర్రీ జిల్లాలో, సెంట్ జార్జి కొండ మీద జెరార్డ్ విన్‌స్టాన్లీ, అతని సహచరులు కామన్ నేలను తవ్వి కూరగాయలు నాటారు. చరిత్ర వారిని "డిగ్గర్లు" అన్నది. హక్కుదారుకు మేత మిగిల్చాలా వద్దా అన్నది కాదు వారి ప్రశ్న. దున్నని నేల దున్నలేని పేదవాడిది యెందుకు కాకూడదన్నది. చుట్టుపక్కల భూస్వాములు వారిపై దాడులు చేయించి తరిమివేశారు. విచిత్రమేమంటే, యీనాడు ఆ సెంట్ జార్జి కొండ ధనికులు నివసించే, కాపలా ద్వారాలున్న ఒక ప్రైవేటు కాలనీ.

రైలు, ఇళ్ళస్థలం, ఎర్ల్ స్పెన్సర్

పల్లెల్లో కంచెల ఉద్యమం యెంత భీకరంగా సాగిందో మనవాళ్ళు చదువుకున్నదే. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు అయిదువేలకు పైగా కంచెచట్టాలు చేసింది. వాటి కిందికి వచ్చిన నేల 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండులో అయిదో వంతుకు మించి. 1801 నుంచి 1831 వరకు, ఒక్క ముప్పయి యేళ్ళలో, వ్యవసాయ ప్రజల నుంచి లాక్కున్న కామన్ నేల 35,11,770 ఎకరాలని మార్క్స్ "కాపిటల్" మొదటి సంపుటంలో లెక్క చెప్పాడు. యీ దోపిడీ చట్టం రూపంలోనే జరిగిందన్నది అక్కడ అతడు నొక్కిచెప్పిన విషయం.

నగరశివారులో కథ మరోవిధంగా నడిచింది. అక్కడ కంచె వేసేది గోధుమ కోసం కాదు, ఇళ్ళస్థలాల కోసం. 1838 లో రైలుమార్గం వింబుల్డన్ మీదుగా వచ్చింది. 1851 లో మూడువేల లోపున్న వింబుల్డన్ జనాభా 1901 నాటికి నలభైవేలు దాటింది. గొర్రెకు గడ్డి యిచ్చే ఎకరం కంటే గుమాస్తాకు ఇల్లు యిచ్చే ఎకరం విలువ యెన్నో రెట్లు. మేనర్‌కు ప్రభువులైన స్పెన్సర్ వంశంవారికి యీ సంగతి బాగా తెలుసు. తమ వింబుల్డన్ పార్కును 1846 లోనే ఒక స్థలాల వ్యాపారికి అమ్మివేశారు.

1864 లో అయిదవ ఎర్ల్ స్పెన్సర్ ఒక పథకం బయటపెట్టాడు. కామన్‌లో సుమారు 700 ఎకరాలకు కంచె వేసి పార్కు చేస్తానన్నాడు. ఆ ఖర్చులకోసం పుట్నీ హీత్ వైపున్న మిగతా 300 ఎకరాలను అమ్ముతానన్నాడు. గాలిమర వున్నచోట తనకొక భవనం. కారణాలేమిటి? బయలు బురదగా వుంది, అనారోగ్యకరమైన మంచు పడుతోంది, జిప్సీలు దిగుతున్నారు, చెత్త పోస్తున్నారు. పేదవాడి చేతిలోని నేలను తీసుకోవడానికి ముందు ఆ నేలకు రోగం అంటగట్టడం, అక్కడ తిరిగేవారికి నేరం అంటగట్టడం పాలకవర్గాలు యెక్కడైనా చేసేపనే. అయితే ఎర్ల్ దొంగమాటలు ఆడాడని కూడా అనలేం. తాను చేసేది ప్రజోపకారమనే ఆయన నమ్మి వుండవచ్చు. ఒక వర్గం తన లాభాన్ని లోకహితంగా చూడగలగడమే కదా భావజాలం అంటే.

ఆవులేనివాడు ఆవుహక్కు అడిగాడు

పథకానికి ఎదురుతిరిగినవారు యెవరు? ఆ బయలు మీద పశువులు మేపుకొనేవారు ముందు నిలబడలేదు. అప్పటికే వారు పల్చబడిపోయారు. ముందు నిలిచినవారు చుట్టుపక్కల పెద్ద ఇళ్ళు కట్టుకున్న సంపన్నులు. వారికి నాయకుడు టీ వ్యాపారంలో ధనవంతుడైన హెన్రీ పీక్. 1865 లో పార్లమెంటు సంఘం లండన్ కామన్ల విషయం విచారించి, కంచెలకు ప్రతికూలంగా చెప్పింది. ఆ యేడే జార్జి షా లెఫీవర్ పూనికతో కామన్ల సంరక్షణ సంఘం యేర్పడింది. జాన్ స్టువర్ట్ మిల్ వంటివారు అందులో చేరారు. 1866 లో వచ్చిన మెట్రోపాలిటన్ కామన్స్ చట్టం లండన్ ప్రాంతపు కామన్లకు కంచె అనుమతులు నిలిపివేసింది. పీక్ ఒక వ్యాసరచన పోటీ కూడా పెట్టాడు. ఆ పోటీ నుంచి ఆరు వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఒకటి రాసిన యువకుడు రాబర్ట్ హంటర్ తరువాత సంఘానికి న్యాయవాది అయ్యాడు, ఆ తరువాత ఆక్టేవియా హిల్, రాన్‌స్లీలతో కలిసి 1895 లో నేషనల్ ట్రస్టును స్థాపించాడు.

యిక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి వుంది. "ప్రజలకు గాలి పీల్చుకొనే హక్కు వుంది" అని కోర్టులో అడగడానికి వీలులేదు. అలాంటి హక్కు చట్టంలో లేదు. చట్టం యెరిగినవి ఆవు, గొర్రె, ముళ్ళపొద, కంకర మాత్రమే. కాబట్టి ఎర్ల్ మీద వ్యాజ్యం వేయాలంటే మేతహక్కు వున్న ఒక మనిషి పేరు కావాలి. ఆవు ముఖం యెరగని వర్తకులు, వకీళ్ళు దస్తావేజులు తిరగేసి, తమ ఇంటి స్థలాలకు అంటిపెట్టుకొని వున్న పాత పశువుల హక్కులను వెలికితీశారు. పేద రైతు శతాబ్దాలపాటు నిలబెట్టిన హక్కు ధనికుడి కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని కాపాడే ఆయుధమైంది.

ఎర్ల్ చివరకు రాజీకి వచ్చాడు. 1871 లో వింబుల్డన్, పుట్నీ కామన్ల చట్టం వచ్చింది. ఆయనకు యేటా 1,200 పౌన్ల భరణం. నేల ఒక సంరక్షకుల మండలికి. మండలిలో యెనిమిదిమంది, అయిదుగురిని స్థానికులు యెన్నుకుంటారు, ముగ్గురిని ప్రభుత్వశాఖలు నియమిస్తాయి. ఖర్చు యెవరు భరించాలి? పుట్నీ పాత పరిధిలోనివారు, బయలుకు ముప్పావు మైలు లోపు ఇళ్ళున్నవారు పన్ను చెల్లించాలి. పన్ను కట్టేవారికే వోటు. రెండు మైళ్ళ అవతల ఇరుకు వీధిలో వుండే కార్మికుడు వచ్చి నడవవచ్చు, పాలనలో మాత్రం అతనికి మాట లేదు. నడిచే హక్కుకూ, నిర్ణయించే హక్కుకూ మధ్యనున్న యీ దూరాన్ని ఆ చట్టం ముప్పావు మైలుగా కొలిచిపెట్టింది.

దృశ్యం యెలా మారింది?

యిప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగివద్దాం. 1871 నాటి బయలు యిప్పటి అడవిలాగా వుండేదా? వుండేది కాదు. పురాతన పత్రాలు వెతకనక్కరలేదు, రెండు సాక్ష్యాలు చాలు. మొదటిది గాలిమర. 1817 లో చార్లెస్ మార్చ్ అనే వడ్రంగి దాన్ని కట్టాడు. గాలికి అడ్డం వుండేచోట యెవరూ గాలిమర కట్టరు. యీనాడు దాని చుట్టూ చెట్లు యెదిగి వున్నాయి. రెండవది తుపాకి. 1860 నుంచి 1889 దాకా జాతీయ రైఫిల్ సంఘంవారి పోటీలు యీ బయలు మీదనే జరిగాయి. వెయ్యిగజాల దూరపు గురికి కూడా యిక్కడ కాల్చేవారు. వెయ్యిగజాల దాకా చూపు ఆనాలంటే మధ్యన అడవి వుండకూడదు.

ఆ చూపును తెరిచి వుంచింది ప్రకృతి కాదు. మొలిచిన ప్రతి బర్చ్ మొక్కను పశువు కొరికివేసింది. ముళ్ళపొదను పొయ్యికోసం కొడవలి నరికివేసింది. పచ్చికను చెక్కలుగా తీసుకుపోవడంవల్ల నేల సారం పెరగకుండా వుండిపోయింది. సారంలేని ఆ గులకనేలలోనే హెదర్ బ్రతుకుతుంది. అంటే, కవులు మెచ్చుకొన్న ఆ ఊదారంగు బీడు పేదరికపు పొయ్యికి, పేదరికపు పశువుకు పుట్టిన బిడ్డ. చట్టం కంచెను ఆపింది గాని, మేతను తిరిగి తేలేదు. శివారు పెరిగింది, పశువులు పోయాయి, బొగ్గు చవకై పొదలు నరికేవాడు పోయాడు. క్రమంగా బర్చ్, దాని వెనుక ఓక్, బయలును ఆక్రమించుకున్నాయి. ప్రభువు కంచె నుంచి తప్పించుకున్న బీడు చెట్ల చేతిలో ఓడిపోయింది. యీనాడు మిగిలిన కొద్దిపాటి హెదర్‌ను కాపాడడానికి మండలి ఉద్యోగులు, స్వచ్ఛందంగా వచ్చినవారు బర్చ్ మొక్కలను పీకివేస్తున్నారు. ఒకనాడు ఆవు చేసిన పనిని యీనాడు మనిషి చేస్తున్నాడు.

అడవి వచ్చినందుకు శోకించనవసరం లేదని కూడా చెప్పుకోవాలి. కుళ్ళిన మొద్దుల్లో పెరిగే స్టాగ్ బీటిల్ అనే కొమ్ముపురుగుకు యీ అడవి ముఖ్యమైన నెలవు. ఆ కారణంగానే బయలుకు ప్రత్యేక రక్షణ కూడా వుంది. నేను చెప్పేది అడవి చెడ్డదని కాదు. దృశ్యం మారడానికి కారణం ఉత్పత్తి సంబంధాలు మారడమని.

ఒక్క వింబుల్డన్ సంగతి చూసి యింత మాట అనవచ్చునా అని యెవరైనా అడగవచ్చు. లండన్‌కు ఈశాన్యాన వున్న ఎపింగ్ అడవి చరిత్ర దీనికి జంట సాక్ష్యం. అక్కడ లౌటన్ గ్రామస్థులకు చలికాలంలో కొమ్మలు నరుక్కొనే హక్కు వుండేది. 1860 దశకంలో ప్రభువు కంచె వేస్తే, థామస్ విల్లింగేల్ అనే ముసలి శ్రమజీవి ఆ హక్కును వదలలేదు. కొమ్మలు నరికినందుకు 1866 లో అతని కుటుంబంవారు జైలుకు పోయారు. ఆ పోరాటమే పెద్దదై, లండన్ నగరసంస్థ కోర్టుకెక్కి, 1878 చట్టంతో అడవి ప్రజలకు దక్కింది. కాని కొమ్మల హక్కు? దాన్ని రద్దుచేశారు. ఆ హక్కుకు బదులుగా యిచ్చిన సొమ్ముతో ఊళ్ళో ఒక సభాభవనం లేచింది. 1884 లో ప్రారంభమైన ఆ భవనం పేరు లాపింగ్ హాల్, అంటే కొమ్మలు నరికే హాలు. హక్కు పేరు గోడమీదికి యెక్కింది, హక్కు పోయింది. నరకడం ఆగిన చెట్లు తలభారంతో పెరిగి నేలను నీడతో కప్పివేశాయి. యిప్పుడు అక్కడ కూడా పాత పద్ధతిలో కొమ్మలు నరికించవలసి వస్తోంది.

పార్కు అనే మరో కంచె

కామన్‌కు యింకొక ఉపయోగం వుండేది. జనం గుమికూడడానికి అది చోటు. 1848 ఏప్రిల్ 10 న చార్టిస్టు కార్మికులు సభ జరిపింది లండన్ దక్షిణాన కెనింగ్టన్ కామన్ మీదనే. పాలకవర్గం యెంత బెదిరిందంటే, ముసలి వెల్లింగ్టన్‌కు నగరరక్షణ అప్పగించి, వేలకువేలు ప్రత్యేక కానిస్టేబుళ్ళను చేర్చుకుంది. నాలుగేళ్ళకు, 1852 లో, ఆ కామన్‌ను పార్కుగా మార్చడానికి చట్టం వచ్చింది. 1854 లో కంచెతో, పూలమడులతో, కాపలావాళ్ళతో పార్కు తెరుచుకుంది. పార్కు వచ్చినందుకు పిల్లలు సంతోషించి వుంటారు. కాని సభకు చోటిచ్చిన బయలు అంతటితో అంతమైంది. భూస్వామి కంచె ఒకటే కంచె కాదు, పూలమడి కూడా కంచె కాగలదని కెనింగ్టన్ చెబుతుంది.

అయితే 1871 చట్టం మోసమా? అలా అనడం తొందరపాటు. పీక్, లెఫీవర్, హంటర్ వంటివారు పోరాడకపోతే యీనాడు ఆ బయలు మీద ఇళ్ళవరసలు వుండేవి. మెర్టన్ శాసనం నాటి దారిని 1893 చట్టం చాలావరకు మూసివేసింది. 1925 ఆస్తిచట్టం నగరప్రాంతాల కామన్ల మీద గాలికోసం, వ్యాయామంకోసం తిరిగే హక్కును ప్రజలకు మొట్టమొదటిసారిగా సాధారణ హక్కుగా రాసియిచ్చింది. యివి చిన్న విజయాలు కావు. కాని విజయానికి చెల్లించిన ధర యేమిటో కూడా రాసుకోవాలి. బ్రతికే హక్కుకు బదులు విహరించే హక్కు వచ్చింది. 1965 కామన్ల రిజిస్ట్రేషను చట్టం కింద, గడువులోగా నమోదుకాని మేతహక్కులు రద్దయిపోయాయి. యేడు శతాబ్దాలు నోటిమాటగా, కాలిబాటగా, ఆవుగంటగా బ్రతికిన హక్కు ఒక దరఖాస్తు దాఖలు కాకపోవడంవల్ల అంతరించింది.

యిదంతా మనకెందుకు అనే విద్యార్థి మిత్రుడికి ఒక్కమాట. దున్నని నేలను "వేస్ట్" అని పిలిచిన ఆ ఇంగ్లీషు బుద్ధే మన రెవిన్యూ లెక్కల్లోకి కూడా వచ్చింది. శిస్తు రాని నేల బంజరయింది, పోరంబోకు అయింది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం అటువంటి నేలను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. తీర్పు మంచిదే. కాని వింబుల్డన్ చెప్పే పాఠం తీర్పుతో ఆగదు. నేలను కాపాడామన్నప్పుడల్లా, యెవరి కోసం, యే ఉపయోగం కోసం, యెవరి వోటుతో అని అడగాలి. మేకలు కాసే పిల్లవాడినీ, పుల్లలేరుకొనే ముసలమ్మనూ బయటికి పంపి కాపాడిన నేల, కొంతకాలానికి తన రూపాన్ని తానే మరిచిపోతుంది.

వింబుల్డన్ గాలిమర యిప్పుడు ప్రదర్శనశాల. దానిచుట్టూ చెట్లు గాలిని ఆపుతున్నాయి. ఆ చెట్లను చూసినవాడు ప్రకృతిని మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. అక్కడ లేకుండాపోయిన ఆవును కూడా చూడగలిగినవాడే ఆ బయలు చరిత్రను చదివినట్లు.